తలకిందులుగా నేర్చిన అక్షరాలు



మొన్న మన కేంద్రంలో ఒక కథ చదువుకున్నాం. చదవడం అయ్యాక ఒక అక్క నన్ను అడిగింది. "పంతులమ్మా! ఈ కథలు రాసేవాళ్ళంతా పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళేనా? పొయ్యి దగ్గర కూర్చునే ఆడది ఎవరన్నా రాసిందా?"

ఆ రోజు పొద్దుపోయింది. అందరికీ ఇంటికి పోయే తొందర. జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

రాసింది అక్కా, రాసింది. ఆమె పేరు ఆశాపూర్ణాదేవి. ఆమె బడి మెట్లు ఎక్కి చదువుకోలేదు. చిన్న వయసులోనే పెళ్ళయింది. వంటా వార్పూ చేసింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆ పనుల మధ్యనే ఎన్నో కథలు, నవలలు రాసింది. ఆమె పుస్తకాలు రెండు వందలు దాటాయి.

నవల అంటే పెద్ద కథ. ఒక మనిషి బతుకునో, ఒక ఇంటి సంగతులనో పుస్తకం నిండా చెప్పేది నవల.

ఎదురుగా కూర్చున్న పిల్ల

మన సముద్రం ఒడ్డు వెంబడే ఉత్తరానికి పోతే ఒడిశా వస్తుంది. అది దాటితే బెంగాల్. అక్కడి పెద్ద పట్నం కలకత్తా. ఇప్పుడు కోల్‌కతా అంటున్నాం. ఆశాపూర్ణ ఆ పట్నంలో 1909 జనవరి 8న పుట్టింది.

వాళ్ళది ఉమ్మడి కుటుంబం. తండ్రి హరేంద్రనాథ్ గుప్తా బొమ్మలు గీసేవాడు. తల్లి పేరు సరళాసుందరి. ఇంట్లో పెత్తనం మాత్రం నాయనమ్మది. ఆమె గీసిన గీత ఎవరూ దాటరు. బడికి పోతే ఆడపిల్లకి నోరు లేస్తుందని ఆ నాయనమ్మ నమ్మకం. అందుకని ఆ ఇంటి ఆడపిల్లలకి బడి లేదు. మగపిల్లలకి చదువు చెప్పడానికి పంతులు ఇంటికే వచ్చేవాడు.

మగపిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని గట్టిగా చదివేవాళ్ళు. చిన్నారి ఆశాపూర్ణ వాళ్ళకి ఎదురుగా వచ్చి కూర్చునేది. వాళ్ళు పలికే మాట వినేది. పుస్తకంలో అక్షరం చూసేది. పుస్తకం వాళ్ళ వైపు తిరిగి ఉంది కదా! ఈ పిల్లకి అక్షరాలన్నీ తలకిందులుగా కనిపించేవి. అట్లా తలకిందులుగానే ఆమె అక్షరాలు గుర్తుపట్టింది.

మీరు కూడా ఒకసారి ఈ పుస్తకాన్ని తిప్పి పట్టుకోండి. 'అమ్మ' అనే మాట ఎట్లా ఉందో చూడండి. కష్టంగా ఉంది కదూ? ఆమె మొదలుపెట్టింది అక్కడినుంచే.

అమ్మ తెచ్చిన పుస్తకాలు

ఆశాపూర్ణ తల్లికి పుస్తకాలంటే ప్రాణం. కొన్నాళ్ళకి వాళ్ళు వేరే ఇంటికి మారారు. అప్పుడు తల్లికి కాస్త ఊపిరి ఆడింది. గ్రంథాలయాలనుంచి పుస్తకాలు తెప్పించుకునేది. ఇంటికి పత్రికలు వచ్చేవి. తల్లి చదివిన ప్రతి పుస్తకాన్నీ కూతుళ్ళు కూడా చదివేవాళ్ళు. ఇది పిల్లలు చదవకూడదు అని ఆ తల్లి అడ్డం పెట్టలేదు. బడి లేని పిల్లలకి ఆ పుస్తకాలే బడి అయ్యాయి.

ఆ రోజుల్లో బెంగాల్‌లో రవీంద్రనాథ్ ఠాగూరు గొప్ప కవి. మన జాతీయగీతం రాసింది ఆయనే. ఆశాపూర్ణ, ఆమె తోబుట్టువు కలిసి ఆయనకి ఉత్తరం రాశారు. మా పేర్లు రాసి మాకు జవాబు ఇవ్వండి అని అడిగారు. అంత పెద్దాయన! ఆ పిల్లల పేర్లు రాసి జవాబు పంపాడు.

మన పేరు మీద మొదటిసారి ఉత్తరం వస్తే ఎట్లా ఉంటుందో మనకీ తెలుసు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

ఎవరికీ చెప్పకుండా

1922లో ఆశాపూర్ణకి పదమూడేళ్ళు. ఒక పాట లాంటి కవిత రాసింది. దాని పేరుకి అర్థం 'బయటి పిలుపు'. గడప దాటడానికి వీల్లేని పిల్ల రాసిన మొదటి మాట ఇది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పిల్లల పత్రిక ఒకదానికి గుట్టుగా పంపింది. ఆ పత్రిక పేరు 'శిశుసాథీ'. సంపాదకుడు ఆ కవితను అచ్చు వేశాడు. ఇంకా రాయమని, కథలు కూడా పంపమని అడిగాడు.

ఆ ఒక్క మాట ఆమెకి కొండంత బలం. "ఇంకా రాయి" అని చెప్పే మనిషి ప్రతి ఒక్కరికీ ఒకరుండాలి.

ఇంటి పని తీరాక

1924లో ఆమెకి పెళ్ళయింది. అప్పటికి వయసు పదిహేను. భర్త పేరు కాళీదాస్ గుప్తా. అత్తవారిది కృష్ణనగర్ అనే ఊరు. తర్వాత కలకత్తాలో కాపురం. ఒక ఆడపిల్ల, ఇద్దరు మగపిల్లలు పుట్టారు.

ఇల్లాలి రోజు ఎట్లా గడుస్తుందో మీకు చెప్పాలా? వంట, పిల్లలు, పెద్దలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఇల్లాలి పని తెమిలేదెప్పుడు? ఆశాపూర్ణ ఏ పనీ మానలేదు. అందరూ తిని, ఇల్లు సద్దుమణిగాక రాత్రిపూట రాసుకునేది. భర్త వద్దనలేదు. రాయమని ప్రోత్సహించాడు.

మొదట చాలా ఏళ్ళు పిల్లల కోసమే రాసింది. 1930ల్లో పెద్దల కథలు మొదలుపెట్టింది. పెద్దల కోసం రాసిన మొదటి నవల 1944లో వచ్చింది. అప్పటికి ఆమెకి ముప్ఫై అయిదేళ్ళు. అంటే మొదటి కవితకీ ఈ నవలకీ మధ్య ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆ ఇరవై రెండేళ్ళూ ఆమె కొంచెం కొంచెంగా రాస్తూనే ఉంది.

లెక్క వేద్దాం. రోజుకి ఒక్క పేజీ రాస్తే ఏడాదికి 365 పేజీలు. అది మంచి లావుపాటి పుస్తకమే. బొట్టు బొట్టు పడితేనే కుండ నిండుతుంది.

ఆమెకి ఇంగ్లీషు రాదు. తన బెంగాలీలోనే చదివింది, అందులోనే రాసింది. ఏం రాసింది? తాను చూసిందే రాసింది. వంటిల్లు, వసారా, అత్తాకోడళ్ళ మాటలు, నోరు మెదపని ఆడవాళ్ళ దుఃఖం. ఇవి ఎవరు చదువుతారులే అనుకోలేదు.

ముగ్గురు ఆడవాళ్ళ కథ

ఆమె రాసిన వాటిలో మూడు నవలలకి చాలా పేరు వచ్చింది. అవి ఒక తల్లి, ఆమె కూతురు, ఆ కూతురి కూతురు కథలు.

మొదటి నవల 1964లో పుస్తకంగా వచ్చింది. దాని పేరు 'ప్రథమ ప్రతిశ్రుతి'. అంటే మొదటి మాట, మొదటి ప్రమాణం. అందులో సత్యవతి అనే అమ్మాయి ఉంది. తండ్రి నాటువైద్యం తెలిసిన పెద్దమనిషి. ఎనిమిదేళ్ళకే ఆ పిల్లకి పెళ్ళి చేశారు. అయినా సొంతంగా అక్షరాలు నేర్చుకుంటుంది. ఆడపిల్ల చదివితే పాపం అంటారు పెద్దలు. చదువుల తల్లి సరస్వతి ఆడదే కదా అని ఆ పిల్ల వాదిస్తుంది. పెద్దయ్యాక పట్నం వెళ్తుంది. చదువు రాని ఆడవాళ్ళకి తనే అక్షరాలు నేర్పుతుంది.

సత్యవతికి కూతురు పుట్టింది. పేరు సువర్ణ. ఈ పిల్లనన్నా బాగా చదివించాలని తల్లి ఆశ. కానీ తల్లికి తెలియకుండా నాయనమ్మ ఊళ్ళో ఆ చిన్నపిల్లకి పెళ్ళి చేసేస్తుంది. సత్యవతి గుండె పగిలింది. ఇక ఆ ఇంట్లో ఉండలేక కాశీకి వెళ్ళిపోతుంది.

రెండో నవల సువర్ణ కథ. వీధి కనిపించే ఒక వసారా ఉంటే చాలని ఆమె కోరిక. అదీ సరిగా తీరదు. చాటుగా తన బతుకు కథ రాసుకుంటుంది. దాన్ని అచ్చు వేయిస్తుంది. అచ్చంతా తప్పులే. ఇంట్లోవాళ్ళు చదివి ఎగతాళి చేసి నవ్వుతారు. సువర్ణ ఆ కాగితాలన్నీ కాల్చేస్తుంది.

మూడో నవల సువర్ణ కూతురు బకుల్ కథ. ఈ బకుల్ రచయిత్రి అవుతుంది. అమ్మమ్మ కథ, అమ్మ కథ ఆమే మనకు చెబుతుంది.

చూశారా? అమ్మమ్మ అక్షరం నేర్చింది. అమ్మ రాసింది, కానీ కాల్చేసింది. కూతురు రాసి నిలబెట్టింది. ఒక్క తరంలో కాలేదు. అయినా అమ్మమ్మ నేర్చిన అక్షరం ఊరికే పోలేదు.

వచ్చిన గౌరవం

'ప్రథమ ప్రతిశ్రుతి' నవలకి 1976 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఇచ్చారు. మన దేశంలో రచయితలకిచ్చే చాలా పెద్ద గౌరవం అది. మన తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ గారికి 1970 సంవత్సరానికి వచ్చింది. ఆడవాళ్ళలో దాన్ని మొట్టమొదట అందుకున్నది ఆశాపూర్ణాదేవే. తర్వాత పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు ఆమెను పిలిచి డాక్టరేటు పట్టాలు ఇచ్చాయి. బడికి పంపని పిల్లకి విశ్వవిద్యాలయాలు పట్టాలిచ్చాయి!

ఆమె 1995 జూలై 13న కన్నుమూసింది. అప్పటికి ఎనభై ఆరేళ్ళు.

ఇక మన సంగతి

ఈ కథ విని ఎవరన్నా ఇట్లా అనొచ్చు. "చూడండి, ఆమె ఇంటి పనంతా చేసి కూడా రాసింది. మీరూ అట్లాగే చేయండి." ఆ మాట నేను అనను. పొద్దంతా నాట్లు వేసి వచ్చిన మనిషి అర్ధరాత్రి దాకా మేలుకుని చదవాలా? ఆమె ఇంట్లో భర్త అడ్డు చెప్పలేదు. మన ఇంట్లో కూడా ఆ మాట అడుగుదాం. "ఈ అరగంట నేను చదువుకుంటా. పిల్లాడిని మీరు చూడండి" అందాం. అడగడం తప్పు కాదు.

ఇంకో మాట. మన కేంద్రంలో ఒక అక్క సంతకం నేర్చుకుంది. ఇక చాల్లే అని పలక అటక మీద పెట్టింది. ఏడాది తిరిగింది. బస్సు మీద ఊరి పేరు చదవబోతే అక్షరాలు గుర్తు రాలేదు. చాలా బాధపడింది. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. అక్షరం కూడా అంతే. ఆ అక్క మళ్ళీ వస్తోంది. ఇప్పుడు రోజూ నాలుగు లైన్లు చదివి గానీ పడుకోదు.

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చిన్నప్పుడు రాత్రిపూట నేను లాంతరు ముందు కూర్చుని చదివేదాన్ని. మా అమ్మ ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. నా పుస్తకం వైపు చూస్తూ ఉండేది. నేను టీచరు ట్రైనింగు దాకా చదివాను. ఊళ్ళో ఎందరికో అక్షరాలు దిద్దించాను. కానీ అన్ని ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పుస్తకాన్ని మా అమ్మ వైపు తిప్పలేదు. మా అమ్మ బ్యాంకులో వేలిముద్రే వేసేది.

ఆశాపూర్ణ కథ చదివాక నాకు సిగ్గేసింది. పోయిన సంక్రాంతినుంచి అమ్మకి అక్షరాలు చెబుతున్నాను. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతోంది. ఈ పాఠం మొదటి పేరా నిన్న ఆమే చదివింది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఉంటారు. అత్త కావచ్చు, ఆడపడుచు కావచ్చు. పుస్తకం ఒకసారి వాళ్ళ వైపు తిప్పండి.

కొత్త మాటలు

ఉమ్మడి కుటుంబం : అన్నదమ్ములు, వాళ్ళ భార్యాబిడ్డలు ఒకే ఇంట్లో కలిసి ఉండడం
గ్రంథాలయం : పుస్తకాలు చదువుకోడానికి ఇచ్చే చోటు
సంపాదకుడు : పత్రికలో ఏది వేయాలో చూసే పెద్ద
రచయిత్రి : కథలు, పుస్తకాలు రాసే ఆమె
పురస్కారం : గొప్ప పనికి ఇచ్చే గౌరవం

మాట్లాడుకుందాం

1. ఆశాపూర్ణ అక్షరాలు ఎట్లా నేర్చుకుంది?
2. ఆమెను బడికి ఎందుకు పంపలేదు? మిమ్మల్ని ఎందుకు పంపలేదు?
3. సువర్ణ కాగితాలు ఎందుకు కాల్చేసింది? మీరు పక్కన ఉంటే ఏం చెప్పేవాళ్ళు?

రాద్దాం

ఈ రోజు మీ ఇంట్లో జరిగిన ఒక సంగతి అయిదు లైన్లలో రాయండి. తప్పులు వచ్చినా పర్వాలేదు. ఎవరన్నా నవ్వినా చింపేయకండి. రేపు కేంద్రానికి తీసుకురండి. అందరం చదువుకుందాం.