బడ్జ్ బడ్జ్‌లో రెండు ప్రత్యేక రైళ్లు

చిట్టితల్లీ,

మనిషి మీద మన అభిప్రాయం చూశాక ఏర్పడుతుందా, చూడకముందేనా అని అడిగావు కదా. కోల్‌కతాకు దక్షిణాన హుగ్లీ ఒడ్డునున్న బడ్జ్ బడ్జ్ కథ విను.

1897 ఫిబ్రవరిలో పడమటి దేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు ఓడ దిగింది అక్కడే. ఆయన్ని కలకత్తాలోని సియాల్దాకు తీసుకెళ్లడానికి ప్రత్యేక రైలు సిద్ధంగా ఉంది. సియాల్దా స్టేషన్‌లో జనం జేజేలు.

1914 సెప్టెంబరు 29న అదే ఊళ్లో మరో ప్రత్యేక రైలు. ఈసారి అది కొమగాట మారు ఓడలో వచ్చినవాళ్ల కోసం, వాళ్లు ఎక్కువగా సిక్కులు. 376 మందితో వెళ్లిన ఆ ఓడను కెనడా రెండు నెలలు వాంకూవర్ రేవులోనే ఆపి, బతిమాలినా వినకుండా తిప్పి పంపింది. కొద్దిమందికి మాత్రమే అనుమతి దొరికింది. ఇక్కడి తెల్లదొరల లెక్కలో మిగతావాళ్లంతా రాజద్రోహులు. బ్రిటిష్ పాలనను కూల్చాలన్న గదర్ ఉద్యమం ఉన్నమాట నిజమే, ప్రపంచయుద్ధం మొదలైన మాటా నిజమే. భయానికి కారణం లేకపోలేదు. కానీ పొలం అమ్మి టికెట్టు కొన్నవాడికీ తిరుగుబాటుదారుడికీ తేడా చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

రైలెక్కి నేరుగా పంజాబు పొమ్మన్నారు. కొందరు ఎక్కారు. మిగతావాళ్లు గురుగ్రంథ సాహిబ్‌ను గురుద్వారాలో అప్పగించాలంటూ కలకత్తా దారి పట్టారు. వాళ్ల దృష్టిలో అది భక్తి. పోలీసుల దృష్టిలో దండయాత్ర. దారిలో అడ్డుకుని వెనక్కి తెచ్చారు. సాయంత్రం స్టేషన్ దగ్గర తోపులాట, ఆపైన కాల్పులు. సుమారు 20 మంది ప్రయాణికులు చనిపోయారు. అనుమానించారు కాబట్టి కట్టడి చేశారు. కట్టడి చేశారు కాబట్టి వాళ్లు మొండికేశారు. ఆ మొండితనమే అనుమానానికి రుజువైపోయింది!

1950లో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ కెల్లీ ఇలా ముందే ఏర్పడే అభిప్రాయం ఏం చేస్తుందో తరగతి గదిలో చూపించాడు. కొత్తగా వచ్చే ఉపన్యాసకుడి గురించి విద్యార్థులకు ముందే చీటీలు పంచాడు. సగం చీటీల్లో ఆయన ఆప్యాయుడని, మిగతావాటిలో ముభావంగా ఉంటాడని ఉంది. తక్కిన వాక్యాలన్నీ ఒకటే. మొదటి చీటీ అందుకున్నవాళ్లలో 56 శాతం మంది చర్చలో మాట్లాడారు, రెండోది అందుకున్నవాళ్లలో 32 శాతమే. అభిప్రాయం ఒక్కటే కాదు, నడతా మారిందన్నమాట. పరీక్షలో చాలామంది అభిప్రాయం సంగతి రాసి నడత సంగతి వదిలేస్తారు, నువ్వు వదలకు.

ఆ ఓడను తిప్పి పంపినందుకు 2016లో అప్పటి కెనడా ప్రధాని ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. బడ్జ్ బడ్జ్ స్టేషన్‌కు కొమగాట మారు పేరు 2013లోనే చేరింది. నూరేళ్లలో కెనడా వైఖరిని మార్చింది చట్టమా, కలిసి బతకడమా, ఓట్లా? నీ తర్వాతి పాఠం అదే కనుక, చదివాక రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య