ఆంగ్లంలో ‘ఎందువలన?’ - కారణబోధక పదబంధాల పరిశీలన

ఏ భాషలోనైనను “ఏమి జరిగినది?” అను ప్రశ్నకు సమాధానం చెప్పుట సులభం, “ఎందువలన జరిగినది?” అను ప్రశ్నకు సమాధానం చెప్పుట కష్టం. మొదటిదానికి కన్ను చాలును. రెండవదానికి ఆలోచన కావలెను. పరీక్షలో ఇచ్చెడు ఆంగ్ల గద్యభాగాన్ని చదువునప్పుడును, సెలవు చీటి వ్రాయునప్పుడును, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టునప్పుడును, సంఘం వార్షిక నివేదికను సిద్ధపరచునప్పుడును మనం కారణం దగ్గరకు రాక తప్పదు. అక్కడనే మన విద్యార్థులు తరచుగా తడబడుచున్నారు.

మన తరగతులలో తెలుగు ఇంటిభాషగా గలవారును, ఉర్దూ ఇంటిభాషగా గలవారును ఒకే బల్లపై కూర్చుండి ఆంగ్లం చదువుదురు. ఇది మనకు గల సదుపాయం. రెండు భాషలను ఆంగ్లం ప్రక్కన ఉంచి చూచినచో, పొరపాటు ఎక్కడ పుట్టుచున్నదో తెలియును. కారణాన్ని తెలుపు పదబంధం కనబడగానే మనం మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దాని తరువాత వచ్చునది నామపదమా, వాక్యమా? అందులో మెప్పు గలదా, నింద గలదా? రచయిత ఎంత నిశ్చయంతో చెప్పుచున్నాడు?

మొదటి ప్రశ్న నిర్మాణానికి సంబంధించినది. ‘బికాజ్’, ‘సిన్స్’, ‘యాజ్’ అనువాని తరువాత కర్త, క్రియ గల పూర్తి వాక్యం రావలెను. ‘బికాజ్ ఆఫ్’, ‘ఓయింగ్ టు’, ‘ఆన్ అకౌంట్ ఆఫ్’ అనువాని తరువాత నామపదం రావలెను. “వాన కురిసినందువలన” అని మనం చెప్పదలచినచో “బికాజ్ ఇట్ రెయిన్డ్” అనవలెను. “వాన వలన” అనదలచినచో “బికాజ్ ఆఫ్ ది రెయిన్” అనవలెను. తెలుగులో ‘వలన’ అను ఒకే ప్రత్యయం రెండు పనులను చేయుచున్నది గనుక, ఆంగ్లంలో ‘ఆఫ్’ ఉండుటకును లేకుండుటకును గల భేదం మన చెవికి వెంటనే తట్టదు.

‘సిన్స్’ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అది కాలాన్నియు చెప్పును, కారణాన్నియు చెప్పును. “అతడు వెళ్లినప్పటినుండి” అనియు, “అతడు వెళ్లినాడు గనుక” అనియు రెండర్థాలు దానికి గలవు. ప్రధాన వాక్యంలోని క్రియను చూచి అర్థాన్ని నిర్ణయింపవలెను.

‘డ్యూ టు’ విషయంలో ఒక పాత వివాదం కలదు. ‘డ్యూ’ అనునది విశేషణం. కనుక అది ఒక నామపదాన్ని ఆశ్రయించియే ఉండవలెనని పూర్వపు వ్యాకర్తల వాదం. “హిజ్ ఆబ్సెన్స్ వజ్ డ్యూ టు ఫీవర్” అనుట వారికి సమ్మతం. “డ్యూ టు ఫీవర్ హి వజ్ ఆబ్సెంట్” అనుట అసమ్మతం. 1926లో వెలువడిన తన ఆంగ్ల ప్రయోగ నిఘంటువులో ఫౌలర్ ఈ రెండవ తీరును గట్టిగా ఖండించెను. కాని వాడుక వ్యాకరణం కోసం ఆగదు. నేడు ఆ ప్రయోగం వార్తాపత్రికలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను సర్వసాధారణం. అయినను వాక్యాన్ని ప్రారంభించునప్పుడు ‘ఓయింగ్ టు’ లేక ‘బికాజ్ ఆఫ్’ వ్రాసిన విద్యార్థిని ఎవరును తప్పుపట్టలేరు.

ఇక మన రెండు భాషలవారును సమానంగా చేయు పొరపాటు ఒకటి కలదు. “యాజ్ ఇట్ వజ్ రెయినింగ్, సో ఐ డిడ్ నాట్ కమ్” అని వ్రాయుట. ఇందులో ‘యాజ్’ ఒక్కటే చాలును, ‘సో’ అనవసరం. ఇది ఎక్కడనుండి వచ్చినది? ఉర్దూలో “చూంకె బారిష్ హో రహీ థీ, ఇస్‌లియే మైం నహీం ఆయా” అనుట సక్రమమైన వాక్యం. అక్కడ ‘చూంకె’ ముందు నిలిచి పిలువగా, ‘ఇస్‌లియే’ వెనుకనుండి పలుకును. తెలుగులోను “ఎందుకనగా వాన కురిసినది కాబట్టి” అని రెండు వైపుల బిగించుట మనకు అలవాటే. ఆంగ్లం మాత్రం ఒక తలుపుకు ఒకే గడియ పెట్టును. ‘యాజ్’ ఉన్నచోట ‘సో’ వలదు. ‘సో’ ఉన్నచోట ‘యాజ్’ వలదు.

నిషేధార్థం గల వాక్యంలో ‘బికాజ్’ వచ్చినచో మరింత మెలకువ కావలెను. “హి డిడ్ నాట్ కమ్ బికాజ్ హి వజ్ అఫ్రెయిడ్” అను వాక్యానికి రెండర్థాలు చెప్పవచ్చును. భయపడి రాలేదని ఒకటి. వచ్చినాడు గాని భయపడి కాదని రెండవది. ముందు వెనుకల వాక్యాలను చదువకుండ దీనికి అర్థం చెప్పరాదు. మనమే వ్రాయునప్పుడు కారణాన్ని ముందుకు తెచ్చి, “బికాజ్ హి వజ్ అఫ్రెయిడ్, హి డిడ్ నాట్ కమ్” అనినచో సందేహమే ఉండదు.

రెండవ ప్రశ్న మెప్పునకును నిందకును సంబంధించినది. ‘బికాజ్ ఆఫ్’ తటస్థమైనది; ఉర్దూలోని ‘కీ వజహ్ సే’ వంటిది. ‘థాంక్స్ టు’ అట్లు కాదు. అందులో కృతజ్ఞత కలదు. ఉర్దూలో ‘కీ బదౌలత్’, తెలుగులో ‘పుణ్యమా అని’ దానికి సరియైన జోడులు. “దాతల పుణ్యమా అని గ్రంథాలయం వెలసినది” అనుట మెప్పు. “మీ పుణ్యమా అని బస్సు తప్పిపోయినది” అనుట ఎత్తిపొడుపు. ఆంగ్లంలోని ‘థాంక్స్ టు’ కూడ సరిగా ఇట్లే రెండు వైపుల పదును గలది. కనుక గద్యభాగంలో ఆ పదబంధం కనబడినప్పుడు, తరువాత వచ్చినది మేలా, కీడా అని చూడవలెను. కీడైనచో రచయిత కృతజ్ఞత తెలుపుట లేదు, దెప్పుచున్నాడు.

మనసులోని భావాలే కారణమైనప్పుడు ఆంగ్లం చిన్న చిన్న విభక్తి పదాలను వాడును. చలికి వణకుటకు ‘విత్ కోల్డ్’, ఆనందంతో గంతులు వేయుటకు ‘ఫర్ జాయ్’, ఆకలితో మరణించుటకు ‘ఆఫ్ హంగర్’. జాలిపడి సహాయం చేసినచో ‘ఔట్ ఆఫ్ పిటీ’. ఇచ్చట ‘ఔట్’ అనగా బయట అని అర్థం చెప్పరాదు. ఆ భావంలోనుండి పుట్టిన పని అని గ్రహింపవలెను. ‘ఫర్ వాంట్ ఆఫ్ వాటర్’ అనగా నీటిని కోరి కాదు, నీరు లేక. ‘వాంట్’ అను మాటకు ఇచ్చట లేమి అని అర్థం. వీనిని పదానికి పదంగా మార్చుటకంటె మొత్తంగా కంఠస్థం చేయుట మేలు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. ముందుగా కారణం ఏ వైపున ఉన్నదో కనిపెట్టవలెను. ‘లెడ్ టు’, ‘రిజల్టెడ్ ఇన్’ అనువానికి ముందున్నది కారణం, వెనుకనున్నది ఫలితం. ‘రిజల్టెడ్ ఫ్రమ్’ అనుదానికి ముందున్నది ఫలితం, వెనుకనున్నది కారణం. ‘ఇన్’, ‘ఫ్రమ్’ అను రెండు చిన్న మాటలు వాక్యాన్ని తలక్రిందులు చేయును. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన మహావరద హైదరాబాదును ముంచెత్తినది. అట్టి ఉపద్రవం మరల రాకుండుటకై నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తియైనది. ఇక్కడ వరద ‘లెడ్ టు’ జలాశయం అనవచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది. అదియు వరద తరువాత వచ్చినదే. కాని వరద వలన వచ్చినది కాదు. ‘ఆఫ్టర్’ అను మాట చూచి కారణాన్ని ఊహించుట తొందరపాటు.

పిదప నిశ్చయం యొక్క బరువును తూచవలెను. “ఈజ్ డ్యూ టు” అని వ్రాసిన రచయిత తన మాటకు తానే పూచీ వహించుచున్నాడు. “ఈజ్ యాట్రిబ్యూటెడ్ టు” అనినచో పరులు ఆపాదించిన కారణాన్ని తెలుపుచున్నాడు. తాను పూచీపడుట లేదు. “కంట్రిబ్యూటెడ్ టు” అనినచో అనేక కారణాలలో ఇది ఒకటి అని అర్థం.

దీనికి మలేరియా చరిత్ర చక్కని ఉదాహరణం. ఇటలీ భాషలో ఆ మాటకు చెడు గాలి అని అర్థం. అనగా ఒక తప్పుడు కారణం ఆ వ్యాధి పేరులోనే నిలిచిపోయినది. పూర్వులు ఆ జ్వరాన్ని చిత్తడి నేలల గాలికి ‘యాట్రిబ్యూట్’ చేసిరి. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షులపై చేసిన పరిశోధనలతో ఆ జాతి వ్యాధిని దోమలే చేరవేయునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. గాలికి ‘యాట్రిబ్యూటెడ్’ అనుట నేటికిని చరిత్రగా నిజమే. గాలికి ‘డ్యూ’ అనుట మాత్రం అబద్ధం. ఒక్క పదబంధం మారుటతో సత్యం అసత్యమగుచున్నది.

విద్యార్థులు ఇంటివద్ద ఈ మూడు వాక్యాలను ఆంగ్లంలోనికి మార్చి చూతురు గాక: “నిధులు లేక భవనం ఆగిపోయినది.” “ఉపాధ్యాయుల పుణ్యమా అని మేము ఉత్తీర్ణులమైతిమి.” “జ్వరంగా ఉన్నందున అతడు పరీక్షకు రాలేదు.” మొదటిదానికి ‘ఫర్ వాంట్ ఆఫ్’, రెండవదానికి ‘థాంక్స్ టు’, మూడవదానికి ‘బికాజ్’ లేక ‘యాజ్’ తగును. ఎందుకు తగునో చెప్పగలిగిననాడు పాఠం వచ్చినట్లే.

కారణం చెప్పుట న్యాయం చెప్పుట వంటిది. తప్పుడు కారణం చూపినచో నింద నిరపరాధిపై పడును. చికిత్స వ్యాధి లేని చోట జరుగును. గాలిని నిందించినంతకాలం దోమకు శిక్ష పడలేదు. మన సెలవు చీటి మొదలు సంఘం నివేదిక వరకు, ‘ఎందువలన’ అను మాటకు తరువాత మనం వ్రాయునది తూచి వ్రాయుదము.