సంచార వైద్యశాల – పంచాయతీ సభ్యుని కర్తవ్యము

పంచాయతీ సభ్యులారా! ఊరికి వైద్యుడు వచ్చుట ఒక మాట. వైద్యము రోగిని చేరుట వేరొక మాట. ఈ రెంటికిని నడుమ గల దూరము ఒక్కొక్క గ్రామమున రెండు మూడు వందల గజములకు మించదు. అయినను ఆ కొద్ది దూరమును దాటలేకయే ఎందరో నిరుపేదలు చికిత్సకు నోచుకొనకున్నారు. ఆ దూరమును దాటించుట ఎట్లో ఈ పాఠమున తెలిసికొందము.

సంచార సేవ ఏల అవసరమైనది?

డబ్బు చెల్లింపలేని కారణమున ఏ ఒక్కరికిని వైద్యము అందకుండ పోరాదని 1946లో భోర్ సంఘము తన నివేదికయందు చెప్పినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల ఏర్పాటునకు ఆ నివేదికయే పునాది. మైదాన ప్రాంతములందు 30,000 జనాభాకు, కొండ ప్రాంతములందును గిరిజన ప్రాంతములందును 20,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెననియు, ఉపకేంద్రము 5,000 జనాభాకు, కొండలలో 3,000 జనాభాకు ఒకటి చొప్పున ఉండవలెననియు ప్రమాణము ఏర్పడినది.

అయితే జనాభా లెక్కకు వాగులు, గుట్టలు అడ్డురావు. నడచిపోవు మనిషికి అడ్డువచ్చును. కూలికి పోయిననే గాని పొయ్యి రాజని ఇంట, ఆసుపత్రికి పోయిన దినము పస్తు దినమగును. కావుననే వైద్యశాలనే కదలించి ప్రజల చెంతకు పంపు పద్ధతి పుట్టినది.

మన దేశమున ఈ పద్ధతి ఆయా ప్రాంతములకు తగినట్లు రూపు దాల్చినది. 1991లో శస్త్రచికిత్సాలయముతో కూడిన రైలు ఒకటి బొంబాయి నుండి బయలుదేరినది. అస్సాము రాష్ట్రమున బ్రహ్మపుత్రా నది లంకలలో నివసించు వారికొరకు పడవలపై వైద్యశాలలు నడచుచున్నవి. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకము సంచార వైద్య వాహనములకు దేశమంతట తోడ్పాటు నిచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 104 వాహనములు బయలుదేరినవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు మూడు కిలోమీటర్లకు మించి దూరమున గల గ్రామములకు నెలకొక నిర్ణీత దినమున వచ్చుట వాని పద్ధతిగా ఏర్పడినది. 2023 నవంబరులో ఆరంభమైన పి.ఎం. జన్‌మన్ పథకము చెంచులు, కొండరెడ్లు, కోలాములు మొదలగు మిక్కిలి వెనుకబడిన గిరిజన తెగల ఆవాసములకు సంచార వైద్యమును చేర్చుటను తన లక్ష్యములలో ఒకటిగా చేసికొన్నది.

నిర్ణీత దినము యొక్క విలువ

రక్తపు పోటు, మధుమేహము, మూర్ఛ వంటి వ్యాధులకు మందులు దినదినము వాడవలెను. రోగికి ముప్పది దినముల మందు ఇచ్చిరనుకొందము. ఒక నెల వాహనము రాకపోయినను, రోగి రాలేకపోయినను తరువాతి ముప్పది దినములు మందు లేనివే యగును. రక్తపు పోటు హెచ్చి పక్షవాతము వచ్చినచో, ఆ కుటుంబము కోల్పోవునది ఒక దినపు కూలి కాదు, సంపాదించు చేయి. సాధారణ క్షయకు ఆరు మాసముల చికిత్స చాలును గాని, నడుమ మానినచో మందులకు లొంగని క్షయగా మారు ప్రమాదము గలదు. గర్భిణికి రక్తములో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత; 7 గ్రాములకు తగ్గినచో అది తల్లి ప్రాణమునకే ముప్పు. ఈ సంగతి కాన్పునాడు గాక నెలల ముందే తెలియవలెను.

రానివారెవరు?

ఈ వ్యాసకర్త ఒక గ్రామమున సంచార వైద్య దినమును చూచుట తటస్థించినది. వాహనము పంచాయతీ కార్యాలయము ముందు ఆగినది. జనము బాగుగనే వచ్చిరి. మధ్యాహ్నము కాలువ ఆవలి గుడిసెలకు పోగా, కాలు వాచి మంచమున నున్న ఒక వృద్ధుడు కనిపించెను. “డాక్టరుగారు వచ్చినారు, పోలేదా తాతా?” అని అడుగగా, “వచ్చినట్టు మాకెవరు చెప్పినారు బాబూ? చెప్పినా నన్ను మోసుకుపోయేదెవరు?” అనెను. ఆతని కొడుకు, కోడలు మిరప కోతకు పోయియుండిరి. నాటి వరుసలో నిలిచినవారిలో కొందరు మోటారు సైకిలుపై పట్టణమునకు పోగల స్థితిపరులు. తప్పు వారిది కాదు. వాహనము ఎక్కడ ఆగవలెనో, ఎవరికి కబురు పోవలెనో ఎవరును ఆలోచింపకపోవుటయే లోపము.

పంచాయతీ చేయదగిన పనులు

1. జాబితా: ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్తల సాయమున వార్డువారీగా గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, దీర్ఘవ్యాధిగ్రస్తులు, మంచము పట్టినవారు, వికలాంగుల పేర్లు వ్రాయవలెను. ఇటుక బట్టీలకు, కోతలకు వలస వచ్చిన కుటుంబములను విడువరాదు. రోగముల వివరము గుట్టుగా ఉంచవలెను. క్షయ, కుష్ఠు రోగుల పేర్లు బహిరంగముగ చదువరాదు.

2. ఆగు చోటు: ఎవరు నడువలేరో వారికి దగ్గరగా వాహనమును ఆపించవలెను. దళితవాడ, తండా, గూడెములకు వంతులవారీగ చోటు మార్చవచ్చును. నీడ, త్రాగునీరు, స్త్రీల పరీక్షకు మరుగు ఉండవలెను.

3. కబురు: ముందునాటి సాయంకాలము, కూలికి పోయినవారు ఇల్లు చేరిన వేళ, దండోరా వేయించవలెను. పగటి దండోరా పొలములోనివారికి వినబడదు.

4. వరుస: వైద్యుడు ఐదు గంటలు కూర్చుండి అరువదిమందిని చూచినచో మనిషికి దక్కునది ఐదు నిమిషములు. కావున గర్భిణులకు, వృద్ధులకు ముందు వంతు ఈయవలెను. కదలలేని వారి పేర్లు వైద్యునికి ముందుగ తెలిపి, ఇంటికడ చూచునట్లు కోరవలెను.

5. పుస్తకము: వాహనము వచ్చిన తేది, వేళ, రాని నెల, లేని మందులు, రాని రోగులు వ్రాసి ఉంచవలెను. “సరిగా రావడము లేదు” అను ఫిర్యాదు కంటె తేదీలతో గూడిన విన్నపము అధికారులయొద్ద ఎక్కువ పని చేయును.

మందుతో తీరని కష్టములు

వితంతువునకు పింఛను, వికలాంగునకు ధ్రువపత్రము, రేషను కార్డు లేనిచో మందు మ్రింగుటకు ముందు తినవలసిన అన్నమే కరవగును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. సదరం శిబిరమునకు పోలేనివారిని ఒక ఆటోలో చేర్చి పంపుట పంచాయతీకి పెద్ద భారము కాదు. వైద్య దినముననే కార్యదర్శి ఒక బల్ల వేసికొని దరఖాస్తులు వ్రాయించినచో పేదవానికి మరియొక దినపు కూలి దక్కును.

ఇది దయ కాదు, విధి

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానివలన చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభ్యుదయము, సాంఘిక సంక్షేమము, బలహీన వర్గముల సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము కూడ ఈ పనికే ఏర్పడినది. వైద్యుని పంపుట ప్రభుత్వము పని. ఆ వైద్యుని చేయి కాలువ ఆవలి గుడిసె వరకు చేరునట్లు చూచుట మన పని.

రాబోవు సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున వాహనము ఆగు చోటు ఏ వాడకు మిక్కిలి దూరము?
2. గడచిన మూడు మాసములలో వైద్యమునకు రాని దీర్ఘరోగులు ఎందరు? ఏల రాలేదు?
3. మంచము పట్టినవారి బాధ్యత ఏ వార్డు సభ్యునిది?

మూడవ ప్రశ్నకు జవాబుగ ఒక్కొక్క రోగి పేరు ఎదుట ఒక్కొక్క సభ్యుని పేరు వ్రాసిన నాడు ఈ పాఠము సార్థకమగును.