పరిశోధకులు సభ్యుల జాబితా అడిగినప్పుడు
(సంఘ కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు)

ఊళ్ళో రైతు రోజుకు రెండు పూటలా తనంత తానుగా నడిచి వచ్చే చోటు పాల కేంద్రం. పేరు, ఫోను నంబరు, పాడి పశువుల సంఖ్య, పోసిన లీటర్లు, బ్యాంకు ఖాతా అన్నీ అక్కడి రికార్డులలోనే ఉంటాయి. అందుచేత రైతుల ఆరోగ్యం మీదనో, పశువుల రోగాల మీదనో పరిశోధన చేసేవారు ముందుగా సంఘానికే రావడం సహజం. ఇప్పుడు వారు కాగితాల కట్టలతో రావడం లేదు. చేతిలో టాబ్లెట్ ఉంటుంది, లేదా వాట్సాప్‌లో పంపడానికి ఒక లింకు ఉంటుంది. "మీ సభ్యుల జాబితా ఇవ్వండి, మిగతాది మేము చూసుకుంటాం" అంటారు. మేము తనిఖీకి వెళ్ళే సంఘాలలో కొందరు కార్యదర్శులు మంచి పనే కదా అని రిజిస్టరును ఫొటో తీయనిస్తున్నారు. మరికొందరు మనకెందుకీ గొడవ అని గుమ్మంలో నుంచే పంపివేస్తున్నారు. ఈ రెండు పద్ధతులూ సరియైనవి కావు. జాబితా చేతికివ్వకుండానే పరిశోధనకు సాయపడే మార్గం ఉన్నది.

ముందు ఆ సాధనం ఏమిటో తెలుసుకోవాలి. అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో ఉన్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 2004లో రెడ్‌క్యాప్ అనే సాధనాన్ని తయారు చేశారు. ప్రోగ్రాములు రాయడం తెలియని పరిశోధకుడు కూడా తన ప్రశ్నల ఫారాన్ని తానే కంప్యూటరులో తయారు చేసుకోవచ్చు. లాభాపేక్ష లేని సంస్థలకు లైసెన్సు రుసుము లేకుండా ఇస్తారు. సేకరించిన సమాచారం ఆయా సంస్థ సర్వరులోనే ఉంటుంది. సిగ్నలు అందని ఊళ్ళో టాబ్లెట్‌లో నింపుకొని తరువాత పంపుకోవచ్చు. ఇటువంటి సాధనాలు మరికొన్ని ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వైద్య కళాశాల వారు బ్రూసెల్లోసిస్ మీద పరిశోధన తలపెట్టారనుకోండి. ఈ రోగం వచ్చిన గేదె, ఆవు నిండు నెలలు కాకుండానే ఈసుకుపోతుంది. ఈసుకుపోయిన దూడను, మాయను చేతితో ముట్టుకొన్నవారికి, పచ్చి పాలు తాగినవారికి అది అంటుకోవచ్చు. వచ్చి పోయే జ్వరం, కీళ్ళ నొప్పులు దాని లక్షణాలు. ఫారంలో మొదటి ప్రశ్న "గత రెండేళ్ళలో మీ ఇంట పశువు ఈసుకుపోయిందా?" అని ఉంటుంది. లేదంటే ఫారం అక్కడే ముగుస్తుంది. అవునంటే "మాయ ఎవరు తీశారు?" అన్న ప్రశ్న తెరుచుకుంటుంది. ఈ విధంగా పరిశోధనకు తగినవారెవరో, కానివారెవరో అక్కడికక్కడే తేలిపోతుంది. మన రిజిస్టరులో తప్పు అంకెను కొట్టివేసి పక్కన పొడి సంతకం పెట్టినట్లుగా, ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో, ముందు అందులో ఏముండేదో దానంతట అదే నమోదవుతుంది. లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నవారం గనుక మాకు ఈ గుణం బాగా నచ్చింది.

అయితే ఎంత మంచి ఫారమైనా, ఎవరి దగ్గరికి వెళ్ళాలో నిర్ణయించేది జాబితా. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

పరిశోధనలలో చేరడానికి ఇష్టపడేవారి కొరకు అదే వాండర్‌బిల్ట్ వారు 2009 నుండి రీసెర్చ్‌మ్యాచ్ అనే పట్టికను నడుపుతున్నారు. అందులో పేర్లు నమోదు చేసుకొన్నవారి వివరాలు పరిశోధకుడికి పేరు లేకుండా కనబడతాయి. తగినవారనిపిస్తే అతడు కబురు రాస్తాడు. ఆ కబురును పట్టికే వారికి చేరవేస్తుంది. చదివినవారు సరే అంటేనే వారి పేరు, చిరునామా పరిశోధకుడికి అందుతాయి. వద్దన్నా, ఊరకున్నా అందవు. మన సంఘానికి కావలసిన పద్ధతి సరిగ్గా ఇదే. కబురు సంఘం చేరవేయాలి. పేరు ఇవ్వడం, ఇవ్వకపోవడం సభ్యుని ఇష్టం. దీనికి కంప్యూటరు కూడా అవసరం లేదు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం, పాలు పోసే వేళ ఒక ప్రకటన, ఇష్టమైనవారు తామే పేరు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం చాలు.

కార్యదర్శి అందరి తరఫున సరే అంటే ఏమవుతుందని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. 2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకా వేసే అధ్యయనం ఒకటి జరిగింది. 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ సమయంలో సంభవించిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని అనుమతి పత్రాల సంగతి వేరు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం మన రాష్ట్రపు 9,543 అనుమతి పత్రాలలో 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టలు పెద్దల సంతకాలు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. పిల్లల తల్లిదండ్రులకు ఎవరు ఏమి చెప్పారన్నదే ప్రశ్న అయింది. హాస్టలు వార్డెను స్థానంలో సంఘ కార్యదర్శిని ఊహించుకోండి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలలో కూడా ఊరి పెద్ద, సంస్థ పెద్ద ఇచ్చే అనుమతి వ్యక్తి స్వయంగా ఇచ్చే సమ్మతికి బదులు కాదని ఉన్నది. చదువు రానివారికి చదివి వినిపించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరుండాలి.

ఇక జాబితాలో ఎవరున్నారన్నది చూద్దాం. సభ్యత్వం భర్త పేర ఉంటుంది. పాలు తెచ్చేది పిల్లవాడు. రాసి ఉన్న ఫోను నంబరు హైదరాబాదులో పని చేసుకొనే పెద్ద కొడుకుది. గేదెకు మేత వేసి, పాలు పితికి, ఈనినప్పుడు మాయ తీసేది ఇల్లాలు. బ్రూసెల్లోసిస్ సోకే అవకాశం ఎక్కువగా ఉన్న మనిషి ఆమె. లింకు వెళ్ళేది ఆమె చూడని ఫోనుకు! అదీగాక పశువు ఈసుకుపోయి పాలు ఎండిపోయిన ఇంటివారు కేంద్రానికి రావడమే మానివేసి ఉంటారు. పరిశోధనకు ముఖ్యంగా కావలసినవారు వారే, ఈ నెల పాల పట్టీలో కనబడనివారూ వారే. స్మార్టుఫోనున్న యువకులు ఇరవై మంది లింకు నొక్కి నింపితే పరిశోధకుడి లెక్క నిండుతుంది కాని ఊరి సంగతి తెలియదు. ఈ మాట పరిశోధకుడికి తట్టదు. ఊరిలో ఉన్న కార్యదర్శికి తెలుసు. కనుక జాబితా ఇవ్వడం కంటె ఈ మాట చెప్పడం వలన వారికి ఎక్కువ మేలు. మహిళా సంఘాల ద్వారా, గోపాలమిత్ర ద్వారా కూడా కబురు పంపమని చెప్పాలి.

మరొక సంగతి. టాబ్లెట్‌ను పాలు కొలిచే బల్ల పక్కన పెట్టనివ్వరాదు. వరుసలో వెనుక పది మంది నిలబడి, ఎదురుగా వెన్న శాతం రాసే మనిషి చూస్తూ ఉండగా "మీకిష్టమేనా?" అంటే కాదనగల రైతు ఎందరు? బిల్లు సొమ్ముకు, బోనసుకు, దాణాకు దీనితో సంబంధం లేదని పాలకవర్గం స్పష్టంగా ప్రకటించాలి. మాట్లాడుకోవడం ఇంటి దగ్గరనో, వేరే వేళలోనో జరగాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ అడిగేవారిని అక్కడే ఆపివేయాలి. పరిశోధన పేరు చెప్పుకొని వచ్చేవారందరూ పరిశోధకులు కారు.

వచ్చినవారి వద్ద వారి సంస్థ నైతిక సంఘం ఇచ్చిన ఆమోద పత్రం అడగండి, తెలుగు సమ్మతి పత్రం అడగండి. మందునో టీకానో పరీక్షించే ప్రయోగమైతే 2007లో ప్రారంభమైన భారత క్లినికల్ ట్రయల్స్ పట్టికలో దాని నమోదు సంఖ్య ఉండాలి. ఇవి చూసి పాలకవర్గం తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయాలి. తీర్మానంలో "సభ్యులకు కబురు చేరవేయుటకు" అని ఉండాలి, "సభ్యులను చేర్చుటకు" అని కాదు. ఎందరికి కబురు అందింది, ఎందరు తగినవారు, ఎందరు వద్దన్నారు అన్న లెక్క పేర్లు లేకుండా మీకు కూడా ఇవ్వమని కోరండి. పైన చెప్పిన సాధనాలలో ఆ లెక్క తీయడం కష్టమైన పని కాదు. తగనివారి ఫారాలను మధ్యలో చెరిపివేయకుండా ఉంచితే చాలు.

చివరగా రక్త పరీక్ష ఫలితాల విషయం. ఒక సభ్యురాలికి రోగం ఉన్నదని తేలితే ఆ కబురు ఆమెకే వెళ్ళాలి, చికిత్స ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. కార్యదర్శికి ఆ కాగితం రాకూడదు, ఆయన అడగకూడదు. పాలను పాశ్చరైజ్ చేస్తే ఈ క్రిమి చస్తుంది. అయినా ఫలానా ఇంటి గేదెకు రోగమట అన్న పుకారు ఒకసారి పుట్టిందా, ఆ ఇంటివారు వాడికగా ఇంటింటికీ పోసే పాలు మర్నాటి నుండే ఆగిపోతాయి. ఊరి మొత్తానికి సంబంధించిన ఫలితాలను మాత్రం పరిశోధకులు సర్వసభ్య సమావేశానికి వచ్చి తెలుగులో చెప్పాలన్న షరతును తీర్మానంలోనే చేర్చండి. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసు పెయ్య దూడలకు వేయించే టీకా గురించి అదే రోజున పశువైద్యుని చేత చెప్పించవచ్చు.