పేర్ల గోడ

చైనా దేశంలో షాంఘై అనే పెద్ద పట్నం ఉంది. అది ఓడరేవు. అక్కడ హాంగ్‌కౌ అనే పేటలో ఒక పాత ఇటుక భవనం ఉంది. దాని పేరు ఒహెల్ మోషే. అది యూదుల ప్రార్థనా మందిరం. 1927 నుంచి యూదులు అక్కడ ప్రార్థనలు చేసుకున్నారు.

యూదులు యూరప్ దేశాల్లో చాలామంది ఉండేవాళ్ళు. 1933లో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. యూదులంటే అతనికి గిట్టదు. వాళ్ళ దుకాణాలు లాక్కున్నారు. ఎంతోమందిని పట్టుకుపోయి శిబిరాల్లో బంధించారు. 1938లో ఆస్ట్రియా దేశం కూడా హిట్లర్ చేతిలోకి పోయింది.

ప్రాణాలు దక్కాలంటే దేశం విడిచి పోవాలి. పోవాలంటే వీసా కావాలి. వీసా అంటే "మా దేశానికి రావచ్చు" అని రాసిచ్చే కాగితం. చాలా దేశాలు ఆ కాగితం ఇవ్వలేదు.

ఆస్ట్రియాలోని వియన్నా నగరంలో హో ఫెంగ్ షాన్ అనే చైనా అధికారి ఉండేవాడు. వీసాలు ఇవ్వొద్దని పై అధికారి చెప్పాడు. ఆయన వినలేదు. వేలమందికి రాసిచ్చాడు. ఆ కాగితం చూపించి కొందరు శిబిరాల నుంచి కూడా బయటపడ్డారు.

యూరప్ నుంచి సుమారు 20 వేల మంది యూదులు షాంఘై చేరారు. చాలామంది చేతిలో డబ్బు లేదు. హాంగ్‌కౌలో అద్దెలు తక్కువ. ఇరుకు గదుల్లో తలదాచుకున్నారు. ఇరుగుపొరుగు చైనావాళ్ళు కూడా పేదవాళ్ళే. కొందరు రొట్టెల దుకాణాలు పెట్టుకున్నారు.

అప్పుడు షాంఘై జపాన్ సైన్యం చేతిలో ఉంది. 1943లో సైన్యం ఒక హుకుం వేసింది. యూరప్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు హాంగ్‌కౌలోనే ఉండాలి. బయటికి పోవాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఆకలి, జబ్బులు పెరిగాయి. కొందరు చనిపోయారు. ఎక్కువమంది బతికారు. 1945లో యుద్ధం ముగిసింది. తర్వాత వాళ్ళు వేరే వేరే దేశాలకు వెళ్ళిపోయారు.

2007లో ఆ ప్రార్థనా మందిరం దగ్గర మ్యూజియం తెరిచారు. 2014లో అక్కడ ఒక గోడ కట్టారు. దాని మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. అవి షాంఘైలో తలదాచుకున్నవాళ్ళ పేర్లు.

ఒక కాగితం ప్రాణం నిలిపింది. ఒక గోడ పేరు నిలిపింది.

ఆలోచించండి, చెప్పండి

1. వీసా అంటే ఏమిటి?
2. హో ఫెంగ్ షాన్ చేసిన పని మంచిదేనా? ఎందుకు?
3. మీ రేషన్ కార్డు తీయండి. అందులో మీ పేరు సరిగ్గా ఉందా? మీరే చదివి చూడండి.