ఎండకు గ్యాస్ టర్బైన్ నీరసిస్తే ఏం చేయాలి?

గ్యాస్ టర్బైన్ మీద రాసి ఉండే మెగావాట్లు 15 డిగ్రీల చల్లదనంలో లెక్కగట్టినవి. గోదావరి జిల్లాల్లో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటే ఆ లెక్క చెల్లదు. వేడిగాలి పలచన. టర్బైన్ పీల్చే గాలి పరిమాణం అంతే ఉన్నా బరువు తగ్గుతుంది, దాన్ని ఒత్తడానికి కంప్రెసర్ ఎక్కువ శ్రమపడుతుంది. పెరిగే ఒక్కో డిగ్రీకి 0.5 నుంచి 0.9 శాతం దాకా ఉత్పత్తి పడిపోతుంది. 100 మెగావాట్ల యంత్రం 80 దగ్గరికి దిగుతుంది. ఏసీలన్నీ తిరిగేదీ సరిగ్గా ఆ వేళకే!

1. ముందు ఫిల్టర్లు చూడండి, కంప్రెసర్ కడిగించండి. మురికి తిన్న మెగావాట్లను ఎండ ఖాతాలో రాయకండి.

2. టర్బైన్ పీల్చే గాలిని నీళ్లతో చల్లబరచాలనుకుంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత కొలవండి. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలిస్తే కనిపించే అంకె అది. నీళ్లతో గాలిని అంతకన్నా కిందికి దించలేం. ఇంట్లో గడ్డి కూలరు వడగాలిలో హాయిగా ఉండి, ఉక్కపోతలో ఒళ్లంతా జిడ్డు చేసేది ఇందుకే. 42 డిగ్రీల ఎండ, 30 శాతం తేమ ఉంటే వెట్ బల్బ్ సుమారు 27. గాలి లోపలికొచ్చే దారిలో పెట్టే మంచి తడి ప్యాడ్లు దాన్ని 30 దాకా తెస్తాయి. అదే 36 డిగ్రీలు, 65 శాతం తేమ అయితే తగ్గేది ఐదు డిగ్రీలే. కోస్తాలో సముద్రపు గాలి మళ్లాక ఇదీ పరిస్థితి. కాబట్టి ఒక్క మధ్యాహ్నం చూసి ఆర్డరు పెట్టకండి, ఏడాది పొడుగునా గంటగంటకూ తేమ ఎంతో చూడండి.

3. పద్ధతి ఎంచుకోండి. పొడి ఎండల ఊళ్లో ప్యాడ్లు చవక. అధిక ఒత్తిడితో పొగమంచులా నీళ్లు చిమ్మే ఫాగింగ్ వెట్ బల్బ్‌కు ఇంకా దగ్గరగా తెస్తుంది. ఉక్కపోత ఊళ్లో ఏసీలా గాలిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే గతి. ఖరీదెక్కువ, కరెంటూ తింటుంది. టర్బైన్ వదిలే వేడితోనే నడిచే లిథియం బ్రోమైడ్ చిల్లర్ అయితే ఆ కరెంటు చాలావరకు మిగులుతుంది.

4. నీళ్ల దగ్గర పొరపడొద్దు. ఫాగింగ్‌కు లవణాలు తీసేసిన డీఎం (డీమినరలైజ్డ్) నీళ్లే వాడాలి, లేదంటే లవణాలు బ్లేడ్లకు పడతాయి. కాగితపు ప్యాడ్లకు మాత్రం డీఎం నీళ్లు వద్దు, నానిపోయి చెడతాయి. ప్యాడ్ల వెనక నీటి చుక్కలను ఆపే జల్లెడ తప్పనిసరి.

5. పెట్టాక ఒకే ఎండలో, ఒకే తేమలో కూలింగ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి మెగావాట్లు రాసుకోండి. ప్యాడ్లు ఆరి ఉన్నా గాలికి అడ్డమే, ఆ నష్టాన్నీ లాభంలోంచి తీసెయ్యండి.

వానలు మొదలవగానే నీళ్లు కట్టేసి ప్యాడ్లను ఆరబెట్టండి. పాచి పట్టిందా, వచ్చే వేసవికి కొత్తవి కొనాల్సిందే.