హ్యాంగ్ అవుతున్న కంప్యూటర్: ఫార్మాట్‌కు ముందు చేయాల్సిన పరీక్షలు

ఒక చిన్న పట్టణంలో డీటీపీ సెంటర్ ఉందనుకుందాం. పెళ్లిళ్ల సీజన్, శుభలేఖల పని ఊపిరాడనివ్వడం లేదు. మధ్యాహ్నం రెండు దాటాక కంప్యూటర్ తెర ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. మౌస్ బాణం కదలదు, మూలన ఉన్న గడియారం ఆగిపోతుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేస్తే అరగంట పనిచేసి మళ్లీ అదే తంతు. "వైరస్ అయి ఉంటుంది, ఫార్మాట్ కొట్టించెయ్యండి" అని ఎవరో సలహా ఇస్తారు.

ఆ సలహాలో రెండు చిక్కులున్నాయి. అయిదేళ్లుగా చేసిన డిజైన్లు, ఖాతాదారుల ఫొటోలు చాలామంది డెస్క్‌టాప్ మీదే దాచుకుంటారు. డెస్క్‌టాప్ అంటే సాధారణంగా సీ డ్రైవే. ఫార్మాట్‌తో అవన్నీ పోతాయి. రెండోది, లోపం యంత్ర భాగాల్లో ఉంటే ఫార్మాట్ చేసినా మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ మళ్లీ ఆగిపోతుంది. ఫైళ్లూ పోయి, జబ్బూ మిగులుతుంది.

హ్యాంగ్ అవడానికి కారణాలు చాలా ఉన్నా, వాటిని వెతికే పద్ధతి ఒక్కటే. ఒక్కో పరీక్షతో అనుమానితుల్లో వీలైనంత మందిని తప్పించుకుంటూ పోవాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి.

ముందు ఫైళ్లు భద్రం

ఏ పరీక్షకైనా ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోవాలి. హ్యాంగ్‌కు కారణాల్లో చెడిపోతున్న హార్డ్ డిస్క్ కూడా ఒకటి. పరీక్షల పేరుతో దాన్ని మరింత తిప్పితే ఉన్న కాస్త ప్రాణమూ పోవచ్చు.

గూగుల్ పరిశోధకులు తమ కేంద్రాల్లోని లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఉపరితల తనిఖీలో మొదటి లోపం కనిపించిన డిస్క్, లోపం లేని డిస్క్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ఏర్పాటును 'స్మార్ట్' అంటారు. పాడైన డిస్క్‌లలో సగానికి పైగా, ఆ ఏర్పాటులోని నాలుగు ప్రధాన సూచికల్లో ఏ ఒక్కదానిలోనూ ముందుగా హెచ్చరిక చూపలేదు. కాబట్టి స్మార్ట్ 'గుడ్' అని చూపిస్తోందని కాపీ తీయడం మానకూడదు.

ఇది ఏ రకం హ్యాంగ్?

తెర ఆగిపోగానే క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడాలి. ఆ మీట పక్కనుండే చిన్న దీపాన్ని వెలిగించేదీ ఆర్పేదీ ఆపరేటింగ్ సిస్టమే. దీపం మారుతోందంటే లోపలి వ్యవస్థ ఇంకా బతికే ఉంది. ఏదో ఒక ప్రోగ్రామో, తెరను నడిపే డ్రైవరో ఇరుక్కుపోయి ఉండవచ్చు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకోవచ్చు. అందులో డిస్క్ వాడకం చాలాసేపు 100 శాతం దగ్గరే ఉంటే అది హ్యాంగ్ కాకపోవచ్చు, డిస్క్ కోసం ఎదురుచూపు కావచ్చు.

దీపం మారకపోతే మొత్తం వ్యవస్థే ఆగిపోయిందని అర్థం. యంత్ర భాగాలను, వాటిని నడిపే డ్రైవర్లను గట్టిగా అనుమానించాల్సింది ఇక్కడే.

నోటు పుస్తకమే మొదటి పనిముట్టు

హ్యాంగ్ అయిన ప్రతిసారీ సమయం, ఆన్ చేసి ఎంతసేపైంది, ఏ పని జరుగుతోంది అనే మూడు విషయాలు రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాసేసరికి ఒక వరస కనిపించడం మొదలవుతుంది.

- బరువైన పనిలో, వేడి వేళల్లోనే ఆగిపోతే: వేడి లేదా విద్యుత్ సరఫరా.
- వేళాపాళా లేకుండా, ప్రతిసారీ వేరే పని మధ్యలో ఆగిపోతే: ర్యామ్.
- ఫైళ్లు తెరిచేటప్పుడు, కాపీ చేసేటప్పుడు ఆగిపోతే: హార్డ్ డిస్క్ లేదా దాని కేబుల్.
- కొత్త అప్‌డేట్ వచ్చాక, కొత్త పరికరం తగిలించాక మొదలైతే: డ్రైవర్.
- ఒకే ప్రోగ్రామ్‌లో ఆగిపోతే: ఆ ప్రోగ్రామే.

ఇవి తీర్పులు కావు, ఎక్కడి నుంచి వెతకాలో చెప్పే గుర్తులు మాత్రమే. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే 'కెర్నల్ పవర్ 41' నమోదు కూడా తీర్పు కాదు. కంప్యూటర్ సరైన పద్ధతిలో షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైందని మాత్రమే అది చెబుతుంది. పవర్ బటన్ నొక్కి ఆపినా ఆ నమోదు పడుతుంది.

సగానికి సగం తేల్చే పరీక్ష

లోపం సాఫ్ట్‌వేర్‌లోనా, యంత్రంలోనా అన్నది తేలితే సగం పని అయినట్టే. దీనికి మంచి మార్గం, ఉబుంటు వంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటర్‌ను నడపడం. ఇలా నడిపితే విండోస్ గానీ, దాని డ్రైవర్లు గానీ, అందులో చేరిన వైరస్ గానీ పనిచేయవు.

అప్పుడు కూడా హ్యాంగ్ అయితే విండోస్ దాదాపు నిర్దోషి, ఫార్మాట్ వృథా. హ్యాంగ్ కాకపోతే విండోస్‌నో, లోపలి హార్డ్ డిస్క్‌నో చూడాలి. అయితే ఒక షరతు ఉంది. ఎప్పుడూ ఆగిపోయే వేళలోనే, అంతే బరువైన పనితో నడపాలి. ఉదయం చల్లటి వేళ ఖాళీగా వదిలేస్తే అది పరీక్ష కాదు.

వేడి ఏం చేస్తుంది?

1,000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. 65 వాట్లు వాడే ప్రాసెసర్‌లో సిలికాన్ ముక్క చదరపు సెంటీమీటరున్నర ఉందనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 40 వాట్లు దాటుతాయి. ఇంత వేడిని ఎప్పటికప్పుడు తరలించడానికే హీట్ సింక్, ఫ్యాను ఉన్నాయి.

హీట్ సింక్ గదిలోని గాలికన్నా చల్లగా ఉండలేదు. గది 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చేరితే, అదే పనికి, అదే ఫ్యాను వేగానికి ప్రాసెసర్ వేడి కూడా దాదాపు 15 డిగ్రీలు పెరుగుతుంది. రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. ప్రాసెసర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే ఆ సందుల్లోకి గాలి చేరుతుంది. వేడిని మోయడంలో గాలి ఆ పేస్ట్ కన్నా ఎన్నో రెట్లు బలహీనం.

ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే ఆగిపోతాయి. కానీ మదర్‌బోర్డు మీద వోల్టేజీని సర్దే భాగాలకు, పాత గ్రాఫిక్స్ కార్డుకు అంత రక్షణ ఉండకపోవచ్చు. వేడెక్కితే వాటిలో సంకేతాలు తడబడి, కంప్యూటర్ ఉన్నచోటే నిలిచిపోవచ్చు.

దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. క్యాబినెట్ పక్క మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి పని చేసుకోవాలి. హ్యాంగ్ ఆగిపోతే దోషి వేడే. అప్పుడు కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

ర్యామ్: 6,870 కోట్ల గదుల్లో ఒక్కటి చాలు

8 జీబీ ర్యామ్‌లో సుమారు 6,870 కోట్ల బిట్లు ఉంటాయి. ఒక్కో బిట్ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది కనుక, సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు దాన్ని మళ్లీ నింపాలి. ఏ ఒక్క గది బలహీనపడినా, అందులో ముఖ్యమైన ఆదేశం పడ్డ రోజున కంప్యూటర్ ఆగిపోతుంది. మరోసారి అక్కడ ఫొటోలోని ఒక చుక్క పడితే ఎవరికీ తెలియదు. అందుకే ర్యామ్ లోపం వరస లేకుండా కనిపిస్తుంది.

టొరంటో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏటా 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో కనీసం ఒక లోపం నమోదైంది. ఆ సర్వర్లలో లోపాన్ని గుర్తించి సరిదిద్దే ఏర్పాటు ఉంది. మామూలు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అది ఉండదు.

విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ గానీ, మెమ్‌టెస్ట్ గానీ రాత్రంతా నడిపి చూడవచ్చు. రెండు ర్యామ్‌లు ఉంటే ఇంకో దారి: ఒకటి తీసేసి నడపాలి, తర్వాత దాని స్థానంలో రెండోది పెట్టి నడపాలి. లోపం ర్యామ్ వెంట వెళ్తే ర్యామ్‌ది, స్లాట్‌లోనే ఉండిపోతే స్లాట్‌ది. ప్లగ్గు తీసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయాకే ర్యామ్ పట్టుకోవాలి.

విద్యుత్ సరఫరా: చూడాలి, విప్పకూడదు

మదర్‌బోర్డు మీది స్తూపాకార కెపాసిటర్ల పైభాగం ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా అవి చెడినట్టే. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అనుమానం ఉంటే వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడమని మెకానిక్‌ను అడగాలి.

బాగైందని ఎప్పుడు నమ్మాలి?

చాలామంది పొరపడేది ఇక్కడే. సగటున రోజుకొకసారి ఆగిపోయే కంప్యూటర్ ఏదో మార్చాక మూడు గంటలు నడిస్తే అది రుజువు కాదు. మామూలుగా రెండు హ్యాంగ్‌ల మధ్య ఉండే వ్యవధికి కనీసం మూడు రెట్లు వేచి చూడాలి. హ్యాంగ్‌లు యాదృచ్ఛికంగా వస్తున్నాయనుకుంటే, లోపం ఉండి కూడా అంతసేపు ఒక్కసారీ ఆగకుండా నడిచే అవకాశం సుమారు 5 శాతమే. అంటే రోజుకొకసారి ఆగిపోయేదాన్ని మూడు రోజులు, అదే పనితో నడపాలి.

మొదట చెప్పుకున్న డీటీపీ సెంటర్‌లో నోటు పుస్తకం మధ్యాహ్నాలను చూపింది. పెన్‌డ్రైవ్ లైనక్స్ కూడా అదే వేళ ఆగిపోయింది. టేబుల్ ఫ్యాను పెట్టాక మూడు రోజులూ ఆగలేదు. హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టి ఉంది. దులిపి, కొత్త పేస్ట్ రాసి, మూత బిగించి మరో మూడు రోజులు నడిపాకే పని పూర్తయినట్టు.

ఇవన్నీ చేశాక కూడా లోపం దొరక్కపోతే మెకానిక్ దగ్గరకు వెళ్లాల్సిందే. అప్పుడు కంప్యూటర్‌తో పాటు ఆ నోటు పుస్తకాన్నీ తీసుకెళ్లాలి. ఏ పరీక్షలో ఏం జరిగిందో అతని ముందుంటే, ఫార్మాట్ అనే మాట అంత తేలిగ్గా రాదు. వచ్చినా, ఫైళ్లు అప్పటికే భద్రంగా ఉంటాయి.